చుట్టకు మార్కులు వేసేవారు: సిగార్ రుచి పరీక్షకులను ఎలా ఎంచుకుంటారు, ఎలా తయారు చేస్తారు?

కోనసీమ రామం (చర్చ మొదలుపెట్టినవారు)

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు లంక పొగాకు చుట్ట తప్ప మరొకటి ముట్టేవారు కాదు. సంతలో కట్ట కొనే ముందు ఒక చుట్టను బయటికి లాగి, చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో మెల్లగా నొక్కి, ముక్కు దగ్గర ఒకసారి తిప్పి, "ఇది నిరుటి ఆకు" అనో, "ఇది వాన తగిలిన ఆకు" అనో తేల్చి చెప్పేవారు. ఆయనకు ఎవరూ నేర్పలేదు, ఆయన ఎవరికీ మార్కులు వేయలేదు. పోయిన నెల దుబాయి విమానాశ్రయంలో ఒక దుకాణం ముందు నిలబడినప్పుడు, సిగార్ పెట్టెల పక్కన "94", "91" అని అంకెలు వేసిన చీటీలు కనిపించాయి. అప్పటి నుంచి ఈ సందేహం నన్ను వదలడం లేదు. ఈ అంకెలు వేసేవారు ఎవరు? వారిని ఏ పరీక్ష పెట్టి ఎంచుకుంటారు? 93కూ 94కూ నడుమ ఉన్న ఆ ఒక్క మార్కు తేడాను మనిషి నాలుక నిజంగా పట్టగలదా?

టాంపా శేఖర్

రామం గారూ, నేను ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటున్నాను. విసెంటె మార్టినెజ్ ఇబోర్ 1885లో సిగార్ కార్ఖానాల కోసం కట్టించిన ఇబోర్ సిటీ ఈ ఊళ్ళోనే ఉంది కనుక, ఇక్కడ ఈ కబుర్లు చెవిన పడకుండా ఉండవు. మీరు చూసిన అంకెలు ఎక్కువగా పత్రికలవారు వేసేవి. వాటిలో బాగా పేరున్నది మార్విన్ షాంకెన్ 1992లో స్థాపించిన సిగార్ అఫిషియనాడో. ఆయన అప్పటికే ద్రాక్షసారాయి పత్రిక వైన్ స్పెక్టేటర్ నడుపుతున్నారు, నూరు మార్కుల పద్ధతి కూడా ఆ లోకం నుంచే ఇటు వచ్చింది.

అక్కడ పరీక్షకు పెట్టే సిగార్లకు కంపెనీ పట్టీని తీసివేసి, అంకె మాత్రమే ఉన్న తెల్ల పట్టీని చుడతారు. ఏ అంకె వెనుక ఏ పేరుందో పరీక్షకులకు తెలియదు. మార్కులు నాలుగు భాగాలుగా ఉంటాయి: రూపానికీ చుట్టిన తీరుకూ 15, రుచికి 25, కాలే తీరుకూ పొగ లాగుడుకూ 25, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 35. మొత్తం 95 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సాటిలేనిదని, 90 నుంచి 94 వరకు అత్యుత్తమమని, 80లలో ఉంటే చాలా మంచిదని, 70లలో ఉంటే మామూలు సరుకని అర్థం. 70 కంటే తక్కువైతే డబ్బు దండగ చేసుకోవద్దని అర్థం.

ఇక ఎంపిక సంగతి. అక్కడ పరీక్షకు కూర్చునేది ప్రధానంగా ఆ పత్రిక సీనియర్ సంపాదకులే. వాళ్ళు ప్రకటన ఇచ్చి పరీక్ష పెట్టి తీసుకున్న ఉద్యోగులు కారు, ఏళ్ళ తరబడి ఈ సరుకుతో మెలిగి, దాని గురించి రాయగలిగినవారు. అన్నిటికంటే ఎక్కువగా 35 మార్కులు "మొత్తం మీద అభిప్రాయానికే" కేటాయించారని గమనించండి. అది కొలత కాదు, తీర్పు.

స్వాదు

నేను హైదరాబాదులో ఒక ఆహార సంస్థలో రుచి పరీక్షక బృందాలను తయారు చేసే పనిలో ఉన్నాను. పొగాకు నా రంగం కాదు. అయితే పరీక్షించేది బిస్కెట్టయినా, సిగారయినా, సబ్బయినా, మనిషి ఇంద్రియాన్నే పరికరంగా వాడవలసినప్పుడు పాటించే పద్ధతి ఒకటే. పరీక్షకులను ఎలా ఎంచుకోవాలో, ఎలా శిక్షణ ఇవ్వాలో, ఆ తరువాత వారిపై ఎలా నిఘా ఉంచాలో చెప్పే ఐఎస్ఓ 8586 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది.

మొదటి వడపోత చాలా సాదాగా ఉంటుంది. పంచదార, ఉప్పు, నిమ్మ ఉప్పు, కెఫీన్ నీళ్ళలో బాగా పలచగా కలిపి, ఏది ఏమిటో చెప్పమంటారు. తరువాత ఒకే పదార్థాన్ని నాలుగైదు గాఢతలలో ఇచ్చి వరుసలో పెట్టమంటారు. ఆ పైన వచ్చేది ముక్కోణ పరీక్ష. మూడు నమూనాలు ఇస్తారు, వాటిలో రెండు ఒకటే, ఒకటి వేరు. వేరుగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. కళ్ళు మూసుకుని చెప్పినా మూడింట ఒక వంతు సార్లు సరిపోతుంది కాబట్టి, 12 సార్లు పెడితే ఊరికే 4 సార్లు ఒప్పవుతుంది. కనీసం 8 సార్లు సరిగా చెబితే తప్ప ఆ మనిషికి తేడా తెలుస్తోందని మేము నమ్మం.

చాలామంది అనుకునేదానికి విరుద్ధంగా, అందరికంటే చురుకైన నాలుక ఉన్నవారు మంచి పరీక్షకులు కావాలన్న నియమం లేదు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాలిలోకి లేచినప్పుడు, పక్కనున్న ఆయన చేదని ముఖం చిట్లించుకున్నారట, ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఆ తేడా పుట్టుకతో వచ్చే జన్యువులో ఉందని తరువాత తేలింది. అంటే ఒకే చుట్ట ఒకరికి చేదుగా, మరొకరికి కమ్మగా ఉండటం వారి తప్పు కాదు. మా దగ్గరికి ఒకసారి ఒక అబ్బాయి వచ్చాడు. మిగతా వారెవరికీ తెలియనంత పలచని ఉప్పును కూడా పట్టేసేవాడు. కానీ అదే నమూనాను ఉదయం 6 అనేవాడు, మధ్యాహ్నం 3 అనేవాడు. అతణ్ణి తీసుకోలేదు. అతని బదులు, నాలుక మామూలుదే అయినా నిన్న చెప్పిన మాట ఇవాళ కూడా చెప్పే ఒక పెద్దావిడను తీసుకున్నాం.

ఒంగోలు ఆకుబేరం

ముప్ఫై ఏళ్ళు వేలం ప్లాట్‌ఫారాల మీద ఆకు కొన్నవాణ్ణి, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. స్వాదు గారు చెప్పిందంతా ప్రయోగశాల మాట. మా దగ్గర నాలుక చివరికి వస్తుంది, ముందు వేళ్ళు, తరువాత కళ్ళు, ఆ తరువాత ముక్కు. బేలు ముందు ఆగేది కొద్ది క్షణాలే. ఆ కాస్త వ్యవధిలో చేతికందిన ఆకును లాగి, వేళ్ళ మధ్య సాగదీసి, ఈనె విరిచి, తేమ ఎంతుందో, జిగి ఎంతుందో చూసుకుని ముందుకు నడవాలి. మాకు శిక్షణ అంటే, పాత బయ్యరు వెనుక రెండు మూడు సీజన్లు నోరు మెదపకుండా నడవడమే. ఆయన ధర చెప్పకముందే మన మనసులో ధర వేసుకుని, ఆయన చెప్పినదానితో పోల్చుకోవాలి. ఎవరూ పాఠం చెప్పరు.

సిగార్ పరీక్షకుడికి కూడా ఆకు ఎరుక తప్పదని నా నమ్మకం. సిగార్ అంటే లోపలి ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైచుట్టు ఆకు, ఈ మూడింటి కూర్పు. లోపల పెట్టే ఆకుల్లో కూడా మొక్క అడుగు నుంచి కోసిన వోలాడో బాగా కాలుతుంది, నడిమి సెకో వాసన ఇస్తుంది, పైకొనన ఎండంతా తాగిన లిహేరో ఘాటిస్తుంది. లిహేరో నెమ్మదిగా కాలుతుంది కాబట్టే దాన్ని సరిగ్గా నడుమ పెట్టి చుడతారు. కొత్తవారికి నేర్పేటప్పుడు ఒక్కొక్క రకం ఆకునే విడిగా చుట్టి తాగిస్తారు. అలా విడివిడిగా రుచి తెలిసిన తరువాత కలిపి చుట్టినదాన్ని చేతికిస్తే, "ఇందులో లిహేరో పక్కకు జరిగింది, అందుకే ఒకవైపు కాలి ఒకవైపు కాలడం లేదు" అని చెప్పగలుగుతారు. కారణం చెప్పలేనివాడు వేసే మార్కు నా లెక్కలో మార్కే కాదు.

తేయాకు మూర్తి

కోల్‌కతాలో తేయాకు రుచి చూసే పనిలో చాలా కాలం గడిపినవాణ్ణి. ఆకుబేరం గారి మాటతో ఏకీభవిస్తాను, మా దగ్గర కూడా శిక్షణ పాతవారి పక్కన నిలబడటంతోనే మొదలవుతుంది. అయితే మాకూ సిగార్ వారికీ ఒక పెద్ద తేడా ఉంది. మేము చెంచాతో జుర్రుకుని, నోరంతా తిప్పి, ఉమ్మేస్తాం. అందుచేత ఒక్క పూటలో వందల కప్పులు దాటగలం. సిగార్ పరీక్షకుడికి ఆ వెసులుబాటు లేదు. సిగరెట్ పొగాకు పొగలా కాకుండా సిగార్ పొగ క్షార గుణం కలిగి ఉంటుంది కాబట్టి, దాన్ని ఊపిరితిత్తులలోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి లోపలి పొర ద్వారానే రక్తంలో కలుస్తుంది. ఖాళీ కడుపుతో వరుసగా రెండు ఘాటైనవి పట్టినవారికి చెమటలు పట్టి, కళ్ళు తిరిగి, వాంతి వస్తుంది. ఆ స్థితిలో మూడోదానికి వేసే మార్కుకు విలువేముంది? అందుచేత పూటకు ఎన్ని పట్టాలన్న హద్దు కూడా శిక్షణలో భాగమే.

వరుస క్రమం కూడా అంతే ముఖ్యం. ఘాటైనదాని తరువాత వచ్చిన మెత్తనిది చప్పగా తోస్తుంది. అందుకే బాగా నడిపే బృందాలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుసలో నమూనాలు ఇస్తారు. అలా చేయకపోతే మొదట వచ్చిన చుట్ట దురదృష్టమో, అదృష్టమో మార్కుల్లో కలిసిపోతుంది.

కోనసీమ రామం

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. క్యూబాలో కార్ఖానాలోనే రుచి చూసేవారు ఉంటారని విన్నాను. వారూ ఈ పత్రికలవారూ చేసేది ఒకే పనేనా?

హవానా యాత్రికుడు

ఒకే పని కాదు, రామం గారూ, ఈ చర్చలో చిక్కంతా అక్కడే ఉంది. క్యూబాలో వారిని కతదోర్లు అంటారు. ప్రతి పెద్ద కార్ఖానాకూ అటువంటి చిన్న బృందం ఉంటుంది. నాలుక తాజాగా ఉండే ఉదయం పూటనే కూర్చుంటారు. ఒక్కొక్క సిగార్‌ను దాదాపు ఒక అంగుళం మేర మాత్రమే కాల్చి పక్కన పెడతారు. నడుమ నడుమ పంచదార వేయని టీతో నోరు కడుక్కుంటారు. పొగ లాగుడు ఎలా ఉంది, సమంగా కాలుతోందా, ఘాటు ఎంత, వాసన ఎలా ఉంది, రుచి ఎలా ఉంది అని పత్రంలో నింపుతారు.

అయితే వారిని అడిగే ప్రశ్న "ఇది బాగుందా?" అన్నది కాదు. "ఈ పేరుతో అమ్మేది ఎలా ఉండాలో అలా ఉందా?" అన్నదే. మెత్తగా ఉండవలసిన రకం ఆ రోజు గొప్ప ఘాటుతో వచ్చి, పరీక్షకుడికి సొంతంగా ఎంతో నచ్చినా, అతడు దాన్ని తప్పుగానే రాయాలి. అంటే కతదోరుకు కావలసింది గొప్ప అభిరుచి కాదు, గొప్ప జ్ఞాపకం. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క రుచిని తలలో భద్రపరచుకుని, సొంత ఇష్టాన్ని గుమ్మం బయట వదిలి రావాలి. శిక్షణ అంటే చాలావరకు ఆ జ్ఞాపకాన్ని కట్టుకోవడమే.

ఇంకొక మాట. 1990ల చివర్లో ఉత్పత్తి ఒక్కసారిగా పెంచినప్పుడు, క్యూబా సిగార్లు పొగ లాగనంత బిగుతుగా వస్తున్నాయని ప్రపంచమంతా ఫిర్యాదులు వచ్చాయి. బృందం చూసేది కొన్ని నమూనాలనే కదా. అందువల్ల 2000 దశకం మొదట్లో, పైచుట్టు వేయకముందే గాలి లాగి బిగుతును కొలిచే యంత్రాలు పెట్టారు. యంత్రం చేయగలిగిన పని యంత్రానికి పోయింది, మనిషికి రుచీ వాసనా మిగిలాయి.

టాంపా శేఖర్

యాత్రికుడు గారు చెప్పిన అంగుళం సంగతి మీద ఒక మాట చేరుస్తాను. కార్ఖానా పనికి అది చాలు, పత్రిక పనికి చాలదు. సిగార్ పొట్టిదవుతున్న కొద్దీ పొగ వేడెక్కుతుంది, మొదట కాలినప్పుడు ముందరి ఆకులో చిక్కుకున్నదంతా తిరిగి కాలుతుంది, రుచి ముదురుతుంది. మొదట తేనెలా ఉండి చివరి మూడో వంతులో చేదెక్కేవి చాలా ఉన్నాయి. కొనుక్కునేవాడు పూర్తిగా కాలుస్తాడు కాబట్టి, అతని కోసం రాసేవాడు కూడా చివరిదాకా ఓపిక పట్టాలి.

సందేహాలరావు

అందరూ భక్తితో మాట్లాడుతున్నారు కనుక నేను కొంచెం నీళ్ళు చల్లుతాను. కాలిఫోర్నియాలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ద్రాక్షసారాయి ఉత్పత్తిదారు 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. రాష్ట్ర స్థాయి పోటీలో న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలోని సారాయిని, వారికి తెలియకుండా, ఒకే వరుసలో మూడుసార్లు పోయించారు. మూడుసార్లూ దాదాపు ఒకే మార్కు వేయగలిగినవారు పదిమందిలో ఒక్కరే. అంతకు ముందు 2001లో ఫ్రాన్సులో ఫ్రెడెరిక్ బ్రోషే తెల్లసారాయిలో ఎర్రరంగు కలిపి ఇస్తే, దాన్ని రుచి చూసినవారు ఎర్రసారాయికి వాడే మాటలతో వర్ణించారు. ద్రాక్షసారాయి ఒకే పీపాలోంచి వస్తుంది కాబట్టి రెండు సీసాలు దాదాపు ఒకటే. సిగార్ అలా కాదు, ఒక్కొక్కటీ చేతితో చుట్టినదే. పక్కపక్కన ఉన్న రెండే వేరుగా ఉంటాయి. ఇక 93, 94 అన్న మాటకు అర్థమేమిటి?

స్వాదు

రావు గారూ, మీరు నీళ్ళు చల్లడం కాదు, మా పని ఎందుకు ఉందో చెప్పారు. శిక్షణ అయిపోయిందని ధ్రువపత్రం ఇచ్చి వదిలేసే చోట హాడ్జ్‌సన్ చూసినట్టే జరుగుతుంది. అందుకే మేము ప్రతి వారం నమూనాల మధ్య ఒక నమూనాను రెండుసార్లు దాచిపెడతాం. అది రెండుసార్లు వచ్చిందని ఎవరికీ చెప్పం. రెండింటికీ నడుమ తేడా ఎక్కువగా ఉన్నవారిని కొంతకాలం పక్కన కూర్చోబెట్టి, మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెడతాం. ఎవరి మీదా కోపం ఉండదు, తక్కెడ రాయి అరిగితే సరిచేసుకున్నట్టే.

సిగార్ విషయంలో మీరు చెప్పిన చిక్కు నిజమే. దానికి ఉన్న దారి, ఒకే పెట్టెలోంచి పలువురికి పలు సిగార్లు ఇచ్చి, సగటుతోపాటు మార్కులు ఎంత చెదిరాయో కూడా చెప్పడం. ఒక పరీక్షకుడు అదే పేరుకు రెండు రోజులలో మూడు మార్కుల తేడా వేస్తున్నాడంటే, అతని చేతి 93, 94 ఒక్కటే. ఆ మాట చీటీ మీద రాస్తే సరుకు అమ్ముడవదు, అది వేరే సంగతి. రామం గారి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే: నాలుక పట్టగలదేమో గానీ, పట్టిందని రుజువు చూపేవారు తక్కువ.

ఇంకా ఒకటి. నమూనాలన్నీ ఒకే తేమలో ఉంచకపోతే ఈ లెక్కలన్నీ దండగ. సాధారణంగా 65 నుంచి 70 శాతం తేమలో ఉంచుతారు. అంతకంటే తడిగా ఉన్నది బిగుసుకుని వంకరగా కాలుతుంది, పరీక్షకుడు ఆ నేరాన్ని చుట్టినవాడి మీద వేస్తాడు.

ఒంగోలు ఆకుబేరం

తేమ మాట వందకు వంద నిజం. మా ప్రాంతంలో ముసురు పట్టిన రోజున ఆకు ఎవరి చేతిలోనైనా మెత్తగానే ఉంటుంది. అప్పుడు కొన్నవాడు తరువాత ఏడుస్తాడు.

మాటలమూట

రుచి తెలియడం ఒక ఎత్తు, దానికి పేరు పెట్టడం మరొక ఎత్తు. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు కనుక రాస్తున్నాను. 1984లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో ఆన్ నోబుల్ ద్రాక్షసారాయి వాసనలను ఒక చక్రంగా అమర్చారు. "గొప్పగా ఉంది", "రాజసంగా ఉంది" వంటి మాటలు ఆ చక్రంలో ఉండవు. మిరియం, గులాబీ, తడిసిన అట్ట వంటి, ఎదుట పెట్టి చూపించగల వస్తువుల పేర్లే ఉంటాయి. పరీక్షక బృందాలకు శిక్షణలో మూతల డబ్బాలలో అసలు వస్తువులనే పెట్టి వాసన చూపిస్తారు. అందరూ ఒకే డబ్బాను ఒకే పేరుతో పిలిచేదాకా ఆ మెట్టు దాటనివ్వరు. సిగార్ వర్ణనల్లో తరచూ కనిపించే దేవదారు, తోలు, కోకో, మట్టి, ఎండుగడ్డి వంటి మాటలు కూడా ఇలా వస్తువుతో ముడిపడితేనే పనికివస్తాయి.

మన భాషలో ఈ పనికి మంచి సరంజామా ఉంది. వగరు, కనరు, జిల, కమురు, ముక్కిన వాసన, ఇవన్నీ వేరువేరు అనుభవాలు, వేటికవే. పులియబెట్టడం పూర్తికాని పొగాకులో అమ్మోనియా ముక్కు పొడుస్తుంది. దాన్ని ఏ పశువుల కొట్టంలోనో పెరిగినవారికి వేరే వివరించనక్కర లేదు. మన దగ్గర ఎవరైనా అటువంటి బృందాన్ని కూర్చితే, తోలు సంచీ వాసన కంటే ముందు వేయించిన ధనియాలు, చింతపిక్కలు, తాటిబెల్లం, ఎండు వక్క డబ్బాలలో పెట్టమంటాను.

విశాఖ దంతవైద్యురాలు

చర్చ ఆసక్తిగా ఉంది, కానీ నా రోగుల ముఖాలు గుర్తుకువచ్చి రాయకుండా ఉండలేకపోతున్నాను. మా ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అలవాటున్న పెద్దవయసు ఆడవారిని నేను తరచూ చూస్తాను. కాలే కొనను నోటి లోపల పెట్టుకుని తాగడం వల్ల అంగిలి తెల్లబారి, గట్టిపడి, కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. మామూలుగా తాగినా, పొగ మింగకపోయినా, సిగార్‌తో నోటికీ గొంతుకూ అన్నవాహికకూ క్యాన్సర్ ముప్పు ఉందని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లోనే ఒక గ్రంథమంత నివేదికలో చెప్పింది. ఒక పెద్ద సిగార్‌లో ఒక్కోసారి ఒక సిగరెట్ పెట్టె అంత పొగాకు ఉంటుంది.

ఎంపిక మీద నా ప్రశ్న ఒకటుంది. పొగ అలవాటు వాసన పట్టే శక్తిని తగ్గిస్తుంది. అలవాటు లేనివారిని తీసుకుంటే వారికి మనం అలవాటు చేస్తున్నాం, ఉన్నవారిని తీసుకుంటే మొద్దుబారిన ముక్కును పరికరంగా వాడుతున్నాం. స్వాదు గారు దీనికి ఏమంటారు?

స్వాదు

డాక్టరు గారూ, దీనికి నా దగ్గర చక్కని జవాబు లేదు. ఆహారంలో అయితే పరీక్షకులకు హాని లేదని ముందు తేల్చుకుని, రాతపూర్వకంగా సమ్మతి తీసుకుంటాం. పొగాకులో హాని లేదని ఎవరూ రాసివ్వలేరు. కాబట్టి అప్పటికే తాగే అలవాటున్న పెద్దవారిని మాత్రమే తీసుకోవడం, పూటకు సంఖ్య తగ్గించడం, వెలిగించకుండా ఆకు వాసనతోనే తేలే ప్రశ్నలను అక్కడే తేల్చేయడం, ఇంతవరకే చేయగలం. నన్ను అటువంటి బృందం కూర్చమంటే ఒప్పుకోను.

నిర్వాహకులు

సభ్యులకు మనవి. ఈ చర్చ పరీక్ష పద్ధతి గురించి మాత్రమే. ఏ రకం కొనాలి, ఎక్కడ దొరుకుతుంది అన్న టపాలు తొలగించాం. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం మన దేశంలో వాటికి ప్రచారం నిషిద్ధం.

కోనసీమ రామం

డాక్టరు గారి మాట విన్నాక పొగ జోలికి పోకుండా, స్వాదు గారు చెప్పిన ముక్కోణ పరీక్షను నిన్న ఇంట్లో కాఫీతో పెట్టాను. చికోరీ ఎక్కువ కలిపిన పొడి ఒకటి, తక్కువ కలిపినది ఒకటి. మా బావగారు నలభై ఏళ్ళుగా ఫిల్టరు కాఫీ తప్ప తాగని మనిషి, "కళ్ళకు గంతలు కట్టినా చెబుతాను" అని కూర్చున్నారు. మా ఆవిడ వంటింట్లో కప్పులు మార్చి మార్చి పంపింది. రెండు రోజుల మీద 12 సార్లు పెడితే 5 సార్లు ఒప్పు చెప్పారు. స్వాదు గారి లెక్కలో ఇది ఊరికే చెప్పినదానికంటే ఒక్కటి ఎక్కువ. ఆయన మాత్రం పొడి పాతదని అంటున్నారు.

స్వాదు

బావగారిని అప్పుడే తప్పుపట్టకండి. మూడు కప్పులూ ఒకే వేడిలో ఉన్నాయా? కప్పులన్నీ ఒకే రకమా?

కోనసీమ రామం

ఒకటి స్టీలు గ్లాసండి.